కరెంటు తాగే వంపు

టాటానగర్‌లో సిద్ధగోరా కొసనున్న క్వార్టర్లకి మెయిన్ రోడ్డు నుంచి ఒక అడ్డదారి ఉంది. నది వైపు దిగి, మూతబడ్డ పంపుహౌసుని చుట్టి, అవతల మళ్లీ ఎక్కుతుంది. ఈ ఊళ్లో రోడ్లన్నీ స్కేలు పెట్టి గీసినవే గానీ, ఆ పంపుహౌసు దగ్గర వంపు మాత్రం కొడవలిలా తిరుగుతుంది. చీకటి పడ్డాక అటు రమ్మంటే ఆటోవాడు "దూస్రా దేఖ్‌లో భయ్యా" అని, ఇంకో ఆటో చూసుకోమని మొహం తిప్పుకుంటాడు.

అక్కడ దెయ్యం ఉందంటారు. ఉంటే ఉంది గానీ, దాని తిండే విచిత్రం. మిగతా దెయ్యాలు రక్తం తాగుతాయి... ఇది కరెంటు తాగుతుందట.

ఎప్పుడో ఒక పంపు ఆపరేటరు షాకు కొట్టి పోయేడట. ఏ ఏడో ఎవరికీ తెలీదు, పేరూ తెలీదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. అప్పట్నుంచీ ఏ పాత స్కూటరు ఆ వంపులోకి వచ్చినా లైటు ఎర్రబడి, కునికి... కునికి... ఆరినంత పని చేసి, వంపు దాటేక మళ్లీ వెలుగుతుందట.

అందుకని జనం పంపుహౌసు మెట్టు మీద నైవేద్యం పెడతారు. ఏటి పెడతారనుకున్నారు? టార్చిలైటు సెల్లులు! అవీ కొత్తవి కాదు. టీవీ రిమోటులో అయిపోయినవి పట్టుకొచ్చి దెయ్యానికి పెట్టే భక్తి మనవాళ్లది.

ఈ సంగతి ఎత్తితే పొట్ట పట్టుకుని నవ్వేవాడు ఒక్కడే... బలరామ్.

బలరామ్ స్టీలు వర్క్స్‌లో ఎలక్ట్రీషియన్. తండ్రి సోంపేట వైపు నుంచి వచ్చి కొలిమి దగ్గర కూలికి చేరితే, కొడుకు ప్యానెళ్ల దగ్గర ముప్పయ్యేళ్లు సర్వీసు లాగేడు. అతను వైరింగు చేసిన ప్యానెల్ తలుపు తీస్తే తీగలన్నీ నూనె రాసి దువ్విన తలలా ఉంటాయి. వరసకి వరస, బిగువుకి బిగువు. ఒక్క తీగ వేలాడదు. "వైరు వేలాడిందంటే పనోడి లాగు జారినట్టే" అనేవాడు. నది అవతల మాంగో పేటలో రోడ్డు పక్క మెకానిక్కులు తీగలు చుట్టలు చుట్టలుగా వదిలేస్తారని వాళ్ల మొహం కూడా చూసేవాడు కాదు.

లోకంలో పని వచ్చినవాడు తనొక్కడే. మిగతావాళ్లు సన్నాసులు. ఇదీ బలరామ్ లెక్క.

*

మూడేళ్ల కిందట అతని అన్న సోమేశ్వరరావు ఒకరోజు నసుగుతూ వచ్చేడు. తండ్రి డెబ్బై రెండులో కొన్న బుల్లెట్టు అన్న దగ్గరే ఉండేది. డ్యూటీకి దాని మీదే వెళ్లేవాడు.

"ఒరే... ఆ వంపులో లైటు కునుకుతాంది రా," అన్నాడు.

బలరామ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "నువ్వు కూడా సెల్లులెట్టినావేటి? పాతకాలం ఆరు వోల్టుల బండి అన్నా అది. వంపులో నెమ్మది చేత్తావు. ఇంజను నెమ్మదిత్తే కరెంటు తక్కువ పుడతాది. లైటు కునుకుతాది. ఈ మాత్రం తెలీక కాలనీ కాలనీ వొణికి సత్తాంది."

ఆ ఆదివారమే బండి విప్పేడు. కరెంటు పుట్టించే పాత కాయిలు, మాగ్నెట్టు, ఆరు వోల్టుల బ్యాటరీ, అన్నీ పీకి పారేసి పన్నెండు వోల్టుల కొత్త సెట్టు బిగించేడు. లైటు నేరుగా బ్యాటరీ మీద వెలిగేలా కొత్త తీగలు లాగేడు. ట్యాంకు కింద నుంచి, మెడ పక్క నుంచి, హెడ్‌లైటు దాకా... తన ప్యానెళ్లలో లాగే, ఎక్కడా వేలాడకుండా, బిగించి క్లాంపులేసేడు.

"ఇప్పుడు ఇంజనాగినా లైటు ఆరదు," అన్నాడు. "దెయ్యం నోరు కుట్టీసినాను, పో."

నెల తిరిగిందో లేదో...

ఆ రాత్రి అన్న బి షిఫ్టు దిగేడు. ఇంట్లో అతని భార్య కస్తూరమ్మకి ఒళ్లు కాలిపోతోంది. ఫోన్ చేసి, "బేగి వచ్చీండి... అడ్డదారిన వచ్చీండి," అంది. సోమేశ్వరరావు మెయిన్ రోడ్డు మీంచి దిగేడు. ఎగువన టీ బడ్డీ కట్టేస్తున్న సింహాచలమ్మ చూసింది.

వంపు దాకా లైటు పట్టపగల్లా ఉంది. వంపులోకి తిరిగింది... ఆరిపోయింది.

తరవాత చప్పుడు.

వంపు బయటి వైపు గోడ లేదు. కింద రాళ్లు. తెల్లారేక గానీ ఎవరూ దిగలేదు, అంత ధైర్యవంతులు మావాళ్లు.

*

సింహాచలమ్మ మాట బలరామ్ నమ్మలేదు. "దాని కళ్లకి శుక్లాలు. పున్నమి చంద్రుణ్ణి రొట్టె అంటాది. అన్నకి డ్యూటీ దిగేక కునుకు పట్టినాది, అంతే," అన్నాడు. తను బిగించిన లైటు ఆరడమేటి?

కానీ కాలనీ నోరు ఎవడు కుడతాడు? దెయ్యానికి కోపం వచ్చిందన్నారు. అక్కడితో ఆగినా బాగుండును. ఆగలేదు. మొగుణ్ణి ఆ దారిన రమ్మన్నదెవరు? ఈవిడే గదా... అన్నారు. మొహం మీద అనరు. నీళ్ల ట్యాంకరు దగ్గర, మందుల షాపులో, ఆమె అటు తిరగ్గానే అంటారు.

కస్తూరమ్మ ఎవరికీ జవాబు చెప్పలేదు. ఆమె కూడా అదే అనుకునేది.

ఈ ఏడు ఆబ్దికం నాడు మాట పైకే వచ్చింది. వరసకి పెద్దమ్మయ్యే పైడితల్లి విస్తరి ముందు కూర్చుని, పప్పు కలుపుకుంటూ, "రమ్మని పిలిచి మరీ సంపుకున్నాది పాపం," అంది. ఆ పాపం అనడం చూడాలి!

వడ్డిస్తున్న కస్తూరమ్మ గరిట గిన్నెలో పెట్టేసి లోపలికెళ్లిపోయింది. సాయంత్రం దాకా మెతుకు ముట్టలేదు.

బలరామ్ విస్తరి మీంచి లేచిపోయేడు. "అమాస వత్తాంది గదా," అన్నాడు. "అన్న బండే తీత్తాను. ఆ రాత్రి ఆ వంపులో పది మాట్లు తిరుగుతాను. లైటు ఆరకపోతే... మా ఒదిన్ని ఇంకో మాట అన్నోళ్ల నోట్లో ఆ సెల్లులు కుక్కుతాను."

దెయ్యం లేదని తేలితే వదిన తప్పు లేదని తేలుతుంది. అతని కోరిక అదొక్కటే. నిజానికి మంచి కోరికే.

*

బండి మూడేళ్లుగా బలరామ్ షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. వంగిన ముందు ఫోర్కు అప్పట్లోనే సరిచేయించి పడేసేడు. ఆదివారం పూట బావమరిది, భార్య ఈశ్వరి తమ్ముడు, చంద్రశేఖర్ సాయానికి వచ్చేడు. అతను టాటానగర్ లోకో షెడ్డులో ఎలక్ట్రీషియనే. కానీ రైల్వే ఎలక్ట్రీషియన్‌ని బలరామ్ ఎలక్ట్రీషియన్ కింద జమ కట్టడు.

ఇంజను ఎడమ మూత విప్పితే లోపల కాయిలు నల్లబడి ఉంది. మూడు వర్షాకాలాల చెమ్మ. మాగ్నెట్టుకి తుప్పు. రెగ్యులేటరు పోయింది. బ్యాటరీ ఉబ్బి పగిలింది. సాక్చీ బజార్లో కొత్త సెట్టు కొనుక్కొచ్చి, పాతదంతా తీసి, మళ్లీ మొదట్నుంచీ బిగించేడు. కాయిలుకీ మాగ్నెట్టుకీ మధ్య సందు చుట్టూ ఒకేలా వచ్చేదాకా నాలుగు సార్లు విప్పి బిగించేడు. పని చేస్తే అలాగే చేస్తాడు, ఆ మాట కాదనలేం.

"లైటుకెళ్లే తీగలు కూడా ఇప్పి సూద్దాం బావా," అన్నాడు చంద్రశేఖర్. "పాతవి గదా."

"అవి నా చేతి తీగలు."

"ఐతే ఏటి?"

"ఐతే ఏటా? మాంగో వంతెన దాకా ఎతుకు. ఇంత బిగువుగా లాగిన వైరింగు ఇంకోటి సూపించు, సెవి కోసిత్తాను. మీ రైలోళ్లు ఏది సేసినా లూజే. బళ్లే టయానికి రావు."

చంద్రశేఖర్ నోరు మూసుకున్నాడు. ఇరవయ్యేళ్లుగా ఆ ఇంట్లో అతనికి అదే పని.

కిక్కు కొడితే ఇంజను లేచింది. మీటరు పెడితే పద్నాలుగు వోల్టులు. ఇంజను కూనిరాగం తీస్తున్నా లైటు రవ్వంత తగ్గలేదు. షెడ్డు గోడ తెల్లగా మెరిసిపోయింది.

"పిలు నీ దెయ్యాన్ని," అన్నాడు బలరామ్.

*

అమావాస్య. పదీ ముప్పావు.

సింహాచలమ్మ బడ్డీ దగ్గర పాతికమంది చేరేరు. అందరూ చుట్టుదారిన, గుంపుగా, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వచ్చినవాళ్లే. పైడితల్లి ముందు వరసలో స్టూలేయించుకుంది. కస్తూరమ్మ దూరంగా, దీపస్తంభం అవతల నిలబడింది. రావొద్దన్నా వచ్చింది.

చంద్రశేఖర్ దగ్గరకొచ్చి గుసగుసగా, "బావా... ఫోను జేబులో ఉందా?" అన్నాడు.

"నీకు జడుపైతే సింహాచలమ్మ కొంగు పట్టుకో," అన్నాడు బలరామ్.

బండి కదిలింది.

దిగుడు మొదలైంది. లైటు ముందు రోడ్డంతా పాల తెలుపు. రెండు పక్కలా తుప్పలు. నది మీంచి చల్లగాలి. వెనక జనం మాటలు సన్నబడి... సన్నబడి... ఆగిపోయేయి.

ఇప్పుడు ఇంజను చప్పుడొక్కటే.

పంపుహౌసు గోడ కనిపించింది. కిటికీకి రెక్కలు లేవు. మెట్టు మీద సెల్లుల వరస లైటు పడి తళుక్కుమంది.

"ఏటోయ్ ఆపరేటరూ," అన్నాడు బలరామ్, పైకే. "ఆకలా? రా, పన్నెండు వోల్టులు. అరిగించుకోగలవా?"

లైటు చలించలేదు. నెమ్మది చేసేడు. రెండో గేరు... ఒకటో గేరు... లైటు అలాగే ఉంది. అతనికి నవ్వొచ్చింది.

వంపు వచ్చింది. హేండిలు ఎడమకి తిప్పేడు. ఇంకా... ఇంకా... ఆ కొడవలి మెలికలో హేండిలు పూర్తిగా తిరగాలి, తిరిగింది—

చీకటి.

కునకలేదు. ఎర్రబడలేదు. కత్తితో కోసినట్టు ఆరిపోయింది.

బ్రేకు తొక్కేడు. బండి ఊగి నిలిచింది. ఎడమ కాలు నేలకి ఆనింది... కుడి కాలు వైపు నేల లేదు. చిన్న గులకరాయి ఒకటి దొర్లి కిందకి పోయింది. చాలా సేపటికి టక్కుమంది.

వెనక సీటు స్ప్రింగు కిర్రుమంది... తను కదల్లేదు. కదల్లేదనే అనుకున్నాడు.

అప్పుడే దూరంగా వర్క్స్‌లో స్లాగు, కొలిమిలో కరిగిన చిట్టెం, పోసినట్టున్నారు, ఆకాశం ఒక్కసారి ఎర్రబడింది. ఆ ఎర్రటి వెలుగులో పంపుహౌసు, ఖాళీ కిటికీ, మెట్టు... మెట్టు మీద ఎవరో కూర్చున్నట్టు... ఎరుపు తగ్గిపోయింది. మళ్లీ ఏమీ లేదు.

ముప్పయ్యేళ్లు దెయ్యాల్ని వెక్కిరించిన నోరు ఎండిపోయింది.

"అన్నా..." అన్నాడు. గుసగుసగా.

ఇంజను నిదానంగా కొట్టుకుంటోంది.

అది చెవిన పడ్డాక గానీ బుద్ధి తిరిగి రాలేదు. కరెంటు తాగితే ఇంజనూ ఆగాలి గదా? ఇదెక్కడి దెయ్యం, లైటు కరెంటే తాగి ఇంజను కరెంటు ఒదిలేత్తాదా?

పారిపోదామని హేండిలు నిటారు చేసేడు.

లైటు వెలిగింది.

తరవాత మెల్లిగా... చాలా మెల్లిగా... హేండిలు మళ్లీ ఎడమకి తిప్పేడు.

ఆరింది.

నిటారు. వెలిగింది. ఎడమ. ఆరింది.

ఎగువన జనం చూస్తున్నారు. వంపులో లైటు ఆరుతోంది, వెలుగుతోంది, ఆరుతోంది. ఒకావిడ ఏడుపు మొదలెట్టింది. పైడితల్లి, "సెప్పలేదేటి నాను," అని స్టూలు మీదే దణ్ణం పెట్టుకుంది.

కింద బలరామ్ ఇంజను ఆపి, ఫోను లైటు వేసి, బండి మెడ దగ్గర వంగేడు.

అక్కడ అతని క్లాంపు ఉంది. అతని చేతి ముడి. దాని కింద నుంచి తీగ హెడ్‌లైటు వైపు వీణ తీగలా బిగిసి ఉంది. హేండిలు ఎడమకి తిప్పితే ఇంకా బిగుస్తోంది. పైన రబ్బరు నున్నగా, కొత్తగా ఉంది. వేళ్లతో నొక్కి చూసేడు. రబ్బరు లోపల ఒకచోట మెత్తగా ఉంది... రాగి లేదు.

తిప్పినప్పుడల్లా ఒక్కో పోగు తెగింది. నిటారుగా ఉన్నప్పుడు తెగిన కొసలు రెండూ ఆనుకుంటాయి. లాగితే విడిపోతాయి. నెల రోజులు. రోజుకి రెండు సార్లు ఈ వంపు. ఊళ్లో ఇంకెక్కడా హేండిలు ఇంత తిప్పక్కర్లేదు. అతని షెడ్డులోనైతే తిప్పడానికి చోటే లేదు.

ప్యానెల్ తలుపు లోపల తీగ జీవితాంతం ఉన్నచోటే ఉంటుంది. ఎంత బిగించినా చెల్లుతుంది. బండి మెడ తిరుగుతుంది. తిరిగేదానికి జానెడు లూజు వదలాలి. ఈ సంగతి మలుపుల్లో బోగీలు అటూ ఇటూ తిరిగే రైల్వే వాళ్లకి తెలుసు. మాంగోలో తీగలు చుట్టలుగా వదిలే మెకానిక్కుకి తెలుసు. ఈ మహానుభావుడికి తెలీలేదు.

పాత ఆరు వోల్టుల లైటు ఉండుంటే ఏమయ్యేది? కునికేది. ఎర్రగా, నీరసంగా, చచ్చీ చెడీ వెలిగేది. వంపు అంచు కనబడేది. అన్న తిట్టుకుంటూ ఇంటికెళ్లి వదినకి మాత్ర వేసేవాడు.

బలరామ్ బండి పక్కన నేల మీద కూర్చుండిపోయేడు. దెయ్యం లేదు. తను అన్నమాటే నిజం. ఇంతకన్నా దెయ్యం ఉంటేనే బాగుండునని, ఊపిరి ఆడక, నోట్లో గుడ్డ కుక్కుకుని ఏడ్చేడు. వంద దెయ్యాలున్నా బాగుండును.

*

చాలాసేపటికి బండి పైకొచ్చింది. నెట్టుకుంటూ వచ్చేడు.

జనం దారి వదిలేరు. మొదటిసారి బలరామ్ మొహం మీద ఎగతాళి లేదు, దాన్ని గుర్తుపట్టడానికే వాళ్లకి కాసేపు పట్టింది.

కస్తూరమ్మ దీపస్తంభం అవతల నుంచి వచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని, "అగుపించాడా?" అంది.

"అగుపించాడొదినా."

పైడితల్లి స్టూలు దిగి దగ్గరకి జరిగింది.

కస్తూరమ్మ బండి హేండిలు పట్టుకుంది. "కోపంగున్నాడా? ఆ దారిన పిలిచినానని... నా మీద..."

"అన్న కాదు. అన్నని సంపినోడు అగుపించాడు."

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చేరు. "ఎలాగున్నాడు?" అంది పైడితల్లి, గుసగుసగా.

"నాలాగే ఉన్నాడు పెద్దమ్మా," అన్నాడు బలరామ్.

గుంపు ఒక్క అడుగు వెనక్కేసింది. దెయ్యం మనిషి రూపం కట్టిందని వాళ్లకి అర్థమైంది. మర్నాటి నుంచీ కాలనీ అంతా చెప్పుకున్నదీ అదే, ఇప్పటికీ చెప్పుకుంటున్నదీ అదే. వాళ్లకి అంతకన్నా అర్థం కాదు.

బలరామ్ వాళ్లవైపు చూడలేదు. పిడికిలి విప్పి కస్తూరమ్మకి చూపించేడు. బండి మెడ దగ్గర కోసి తెచ్చిన జానెడు తీగ ముక్క.

"నాను బిగించిందే ఒదినా. లూజు ఒదల్లేదు. వంపులో తెగినాది. నువ్వు ఆ దారిన పిలిచిన తప్పేం లేదు... ఏ దారిన పిలిచినా పిలిచినోళ్ల తప్పు కాదు. నాదే."

చంద్రశేఖర్ తీగ ముక్క అందుకుని, వంచి చూసేడు. తల ఊపేడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బలరామ్‌కి కాస్త తెరిపిగా ఉండేది.

కస్తూరమ్మకి తీగల సంగతి తెలీదు. కానీ చంద్రశేఖర్ తల ఊపు చూసి, గుంపులో ఉన్న అతని అక్క ఈశ్వరి నోరు నొక్కుకోవడం చూసింది. బలరామ్ మొహం చూసింది. అర్థమైంది.

"మూడేళ్లు," అంది. "మూడేళ్లు నన్ను నానే సంపుకు తిన్నాను బలరాం. మెతుకు దిగేది కాదు. ఆ మూడేళ్లూ నువ్వు అందర్నీ ఎర్రోళ్లని నవ్వుకుంటా తిరిగేవు."

అరవలేదు. ఏడవలేదు. ఎంగిలి విస్తరి మీద కుక్కని చూసినట్టు అతన్ని ఒకసారి పైనుంచి కిందకి చూసింది.

తరవాత కొంగు దోపుకుని ఇంటిదారి పట్టింది. చుట్టుదారి కాదు. అడ్డదారి... ఆ చీకట్లో, ఒక్కర్తీ, వంపు వైపే.

వెనకాల వెళ్లడానికి పాతికమందిలో ఒక్కడికీ గుండె చాలలేదు. బలరామ్‌కి అసలు చాలలేదు.